ఎడమ ముందు చక్రం బేరింగ్: మార్చిన పది రోజులకే మళ్ళీ కూత, ఈసారి ఇంట్లోనే విప్పుదామని ఉంది

సింగ్‌నగర్_శీను
4 నవంబర్ 2025, రాత్రి 9:52

అందరికీ నమస్తే. బండి 2012 స్విఫ్ట్ పెట్రోల్, ఏబీఎస్ (గట్టిగా బ్రేకేసినా చక్రాలు పట్టేయకుండా చూసేది) లేని మోడల్, 94 వేల కిలోమీటర్లు తిరిగింది. దసరా ముందు నుంచి 40 దాటగానే ముందు ఎడమ వైపు గుయ్‌మని ఒక కూత మొదలైంది. 60కి వెళ్ళేసరికి పాత టేబుల్ ఫ్యాన్ తిరుగుతున్నట్టు ఉంటుంది, 80కి వెళ్తే పక్క సీట్లో మా ఆవిడ ఫోన్ మాట్లాడలేక పెట్టేస్తుంది. బేరింగ్ పోయిందన్నారు. దగ్గర్లో ఒక షెడ్డులో ఇస్తే ఆయన గంటన్నరలో కొత్తది వేసి 3,200 తీసుకున్నాడు.

పది రోజులు హాయిగా ఉంది. మొన్న ఆదివారం గుంటూరులో పెళ్ళికి వెళ్తుంటే విజయవాడ వారధి దిగగానే మళ్ళీ అదే కూత, కాజ టోల్ ప్లాజా వచ్చేసరికి ముందుకంటే గట్టిగా. వెనక్కొచ్చి అడిగితే "మీ టైర్లు అయిపోయాయి సార్, నాలుగూ మార్చండి" అంటున్నాడు. టైర్లు వేసి ఏడాదిన్నరే అయింది.

ఇక వాళ్ళ వీళ్ళ చుట్టూ తిరిగే ఓపిక లేదు. స్ప్యానర్లు పట్టుకోవడం వచ్చు, ఆయిలు, బ్రేక్ ప్యాడ్లు నేనే మార్చుకుంటా. ఇది అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో అయ్యే పనేనా? చేసినవాళ్ళు ఉంటే చెప్పండి.

బ్రాడీపేట_4వలైను
4 నవంబర్, రాత్రి 10:05

అన్నా, ఇంకో మూడు వేలు పారేసి వేరే చోట చేయించుకో. ఆదివారం పూట బిర్యానీ తిని పడుకోకుండా బండి కింద దూరతావా? గ్రీజు మరకలు పోయే సబ్బు ఖర్చే ఐదొందలు అవుద్ది.

పటమట_మాస్టారు
4 నవంబర్, రాత్రి 10:40

శీనూ, ముందు టైరా బేరింగా అన్నది తేల్చుకో, విప్పడం గురించి తర్వాత. తారు రోడ్డు మీద ఒకలా, సిమెంటు రోడ్డు మీద ఇంకోలా వినిపిస్తే టైరు. రోడ్డు ఏదైనా ఒకటే కూత, స్పీడుతో పెరిగి స్పీడుతో తగ్గుతూ, న్యూట్రల్‌లో దొర్లించినా పోకుండా ఉంటే బేరింగ్ మీదే అనుమానపడాలి. ఇంకోటి చెయ్యి. ఖాళీ రోడ్డు చూసుకుని 50లో వెళ్తూ స్టీరింగ్‌ను కొంచెం కుడికి, కొంచెం ఎడమకి, పాము మెలికలు తిరిగినట్టు తిప్పు. కుడికి తిప్పినప్పుడు బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది, అప్పుడు కూత పెరిగితే ఎడమది పోయినట్టు. దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుని బాగున్న బేరింగ్ మార్చుకున్నవాళ్ళని నేను చూశాను.

తర్వాత జాకీ మీద లేపి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపు. ఆట, అంటే వదులు, ఉంటే ఎవరినైనా బ్రేకు తొక్కమని మళ్ళీ ఊపు. తొక్కగానే ఆట పోతే బేరింగ్, పోకపోతే చక్రం కింద ఉండే కీలు, అదే లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్, చూసుకో. పక్కలకి ఊపితేనే ఆట వస్తే టై రాడ్ ఎండ్, అంటే స్టీరింగ్ కడ్డీ చివరి కీలు. ఆట లేదు కదా, బేరింగ్ బాగానే ఉందనుకోవద్దు, కూత మొదలైన కొత్తలో ఆట అసలు రాదు. ఒక చెయ్యి షాకబ్జర్ స్ప్రింగు మీద వేసి రెండో చేత్తో చక్రం తిప్పు. పోయిన బేరింగ్ అయితే లోపల ఇసుక నలుగుతున్నట్టు వేళ్ళకి తెలుస్తుంది.

నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడు టకటకమనేది డ్రైవ్ షాఫ్ట్ జాయింట్, దాని కథ వేరు.

లేత్_బాబాయ్_ఆటోనగర్
5 నవంబర్, ఉదయం 7:15

తమ్ముడూ, ఆ షెడ్డులో బేరింగ్ ఎలా దించారు? నకిల్ (బేరింగ్ కూర్చునే ఇనప దిమ్మ) విప్పి బయట ప్రెస్సుకి (బలంగా నొక్కే యంత్రానికి) తీసుకెళ్ళారా, బండి మీదే ఉంచి కొట్టారా? గంటన్నరలో అయిపోయిందంటే సుత్తి చప్పుడు నాకు ఇక్కడికి వినబడుతోంది.

ఇంకో మాట. సింగ్‌నగర్ అంటున్నావు. పోయినేడాది బుడమేరు వాగు వరద నీళ్ళలో బండి మునిగిందా?

సింగ్‌నగర్_శీను
5 నవంబర్, రాత్రి 8:30

బాబాయ్, రెండూ పట్టేశారు. నకిల్ బండి మీదే ఉంది. కొత్త బేరింగ్ మీద పాత బేరింగ్ రింగు పెట్టి, దాని మీద చెక్క వేసి సమ్మెటతో దించాడు. నేను టీ తాగుతూ చూస్తూ నిలబడ్డా, అదే పద్ధతి కాబోలు అనుకున్నా.

నీళ్ళంటారా, 2024 సెప్టెంబర్ 1 తెల్లారి లేచేసరికి సెల్లార్ నిండిపోయింది. బండి అదృష్టం కొద్దీ వీధిలో ఉంది, అయినా సాయంత్రానికి డోర్ హ్యాండిల్ దాకా మునిగింది. ఐదు రోజులు అలాగే నీళ్ళలో నిలబడింది, మేం పైనుంచి చూస్తూ కూర్చున్నాం. తర్వాత ఇంజిన్ ఆయిలు, గేర్ ఆయిలు, సెల్ఫ్ మోటారు, వైరింగ్, సీట్లు, కార్పెట్ అన్నీ చేయించా. చక్రాల బేరింగ్‌ల మాట ఎవరూ ఎత్తలేదు, నాకూ తట్టలేదు.

మాస్టారూ, పాము పరీక్ష ఇన్నర్ రింగ్ రోడ్డులో చేశా. కుడికి తిప్పితే కూత పెరిగింది, ఎడమకి తిప్పితే దాదాపు మాయం. స్ప్రింగు మీద చెయ్యి వేస్తే మీరన్న ఇసుక కూడా తెలిసింది. ఆట మాత్రం లేదు.

లేత్_బాబాయ్_ఆటోనగర్
5 నవంబర్, రాత్రి 10:20

ఇక అనుమానం అక్కర్లేదు. విను.

మొదటి బేరింగ్‌ని నీళ్ళు చంపాయి. ఈ బేరింగ్‌లకి రెండు పక్కలా సీలు ఉంటుంది కానీ అది రోడ్డు మీద చిందే నీళ్ళకీ దుమ్ముకీ. ఐదు రోజులు మునిగి ఉంటే సీలు పెదవి సందులోంచి బురద నీళ్ళు మెల్లగా దిగుతాయి. గ్రీజు తెల్లగా మజ్జిగలా అయిపోతుంది. బండి కదలకుండా ఉంది కాబట్టి గోళీ ఆనిన చోటే తుప్పు చుక్క పడుతుంది. తర్వాత బండి తిరుగుతుంటే ప్రతి గోళీ ఆ చుక్క మీంచి దొర్లి దొర్లి గుంట పెద్దదవుతుంది. అది కూత కింద బయటపడడానికి కొన్ని వేల కిలోమీటర్లు పడుతుంది, అందుకే ఏడాది తర్వాత వచ్చింది. వరద తర్వాత ఈ ఏడాదిలో మా షాపుకి ఇలాంటి నకిల్‌లు ఎన్ని వచ్చాయో. అందరిదీ నీ మాటే, ఇంజిన్ చేయించాం, సీట్లు మార్చాం, బేరింగ్ సంగతి తెలీదు.

రెండో బేరింగ్‌ని సుత్తి చంపింది. నీ బండిది రెండు వరసల గోళీలున్న బేరింగ్. బయటి రింగు నకిల్‌లో బిగువుగా కూర్చుంటుంది, లోపలి రింగులోకి చక్రాన్ని మోసే హబ్ బిగువుగా దిగుతుంది. నకిల్‌లోకి దించేటప్పుడు బలం మొత్తం బయటి రింగు మీదే పడాలి. ఆ తర్వాత హబ్ దించేటప్పుడు కింద లోపలి రింగుకి ఆనిక పెట్టాలి. సాధారణంగా చెడేది రెండో దాంట్లో. నకిల్‌ని ఆనించి పైనుంచి హబ్‌ని కొడితే ఆ దెబ్బంతా లోపలి రింగు నుంచి గోళీల గుండా బయటి రింగుకి పోతుంది. గోళీ ఆనేది ఎంత? ఆవగింజంత చోటు. దెబ్బ పడితే ప్రతి గోళీ కిందా ఒక నొక్కు.

నువ్వు చేయగలిగింది చెప్తా. ఇంట్లో నకిల్ విప్పుకో, హబ్ దాంట్లోనే ఉండనీ. అలాగే నా దగ్గరికో, ప్రెస్సున్న ఇంకెవరి దగ్గరికో పట్టుకెళ్ళు. ప్రెస్ పని అరగంట. మళ్ళీ ఇంటికి తెచ్చి బిగించుకో. ప్రెస్సు లేకుండా ఈ పని ఇంట్లో చేయొద్దు, అంతే.

గొల్లపూడి_గోపి
6 నవంబర్, ఉదయం 9:10

బాబాయ్ గారూ ఏమనుకోవద్దు. మా మేస్త్రి పాతికేళ్ళుగా కొట్టే వేస్తున్నాడు, ఒక్క బండి వెనక్కి రాలేదు. చేతి వాటం ఉండాలి గానీ ప్రెస్సు, పూజ అంటూ భయపెడితే ఎలా.

లేత్_బాబాయ్_ఆటోనగర్
6 నవంబర్, మధ్యాహ్నం 1:35

గోపీ, మీ మేస్త్రి లారీల మీద పని నేర్చుకుని ఉంటాడు, అడుగు. లారీ హబ్‌లో టేపర్ రోలర్ బేరింగ్ ఉంటుంది. దాని కప్పు, అంటే బయటి రింగు, విడిగా ఊడి వస్తుంది. ఆ కప్పుని ఇత్తడి కడ్డీతో చుట్టూ కొట్టుకుంటూ దించినా రోలర్లకి ఏమీ కాదు, అవి అప్పుడు అక్కడ ఉండవు కాబట్టి. ఆ అలవాటు చేతికి పట్టి కార్ల మీదకి వచ్చింది. కారు బేరింగ్‌లో గోళీలు, రింగులు, సీలు అన్నీ ఒకే ముద్ద. వెనక్కి ఒక్క బండీ రాలేదంటావా, వచ్చినవాళ్ళకి టైర్లు మార్చమని చెప్పి ఉంటాడు.

బ్రాడీపేట_4వలైను
6 నవంబర్, మధ్యాహ్నం 1:41

😂😂 బాబాయ్ దెబ్బ ప్రెస్సు దెబ్బే.

రమ్య_తెనాలి
6 నవంబర్, రాత్రి 9:25

శీను గారూ, నేను మా నాన్నగారి బండికి పోయిన వేసవిలో ఇదే చేశాను. బాబాయ్ గారు చెప్పినట్టే నకిల్ విప్పి ప్రెస్సుకి తీసుకెళ్ళాను. నేను పడ్డ తిప్పలు మీరు పడకుండా కొన్ని చెప్తాను.

యాక్సిల్ నట్టుకి, అంటే చక్రం మధ్యలో డ్రైవ్ షాఫ్ట్ చివర ఉండే నట్టుకి, పెద్ద సాకెట్ కావాలి, బండిని బట్టి 30 అనో 32 అనో మారుతుంది, కొలిచాకే కొనండి. మంచి మందం ఉన్నది, ఆరు మూలలది తీసుకోండి. పన్నెండు మూలలది జారి నట్టు గుండ్రమైపోతే ఆ తర్వాత గ్రైండరే గతి. ఆ నట్టు అంచుని షాఫ్ట్ గాడిలోకి నొక్కి ఉంచుతారు, ఆ నొక్కుని సన్నటి ఉలితో పైకి లేపకుండా తిప్పితే షాఫ్ట్ మరలు పోతాయి. నట్టుని చక్రం నేల మీద ఉండగానే ఒక పావు చుట్టు వదులు చేసి, అప్పుడు బండి లేపండి. వదులు చేశాక మాత్రం బండిని ఒక్క అడుగు కూడా దొర్లించొద్దు. లోపలి రింగు రెండు ముక్కలుగా ఉంటుంది, వాటిని కలిపి పట్టుకునేది ఆ నట్టే.

జాకీ ఒక్కదాన్ని నమ్మి కింద చెయ్యి పెట్టకండి. రెండు జాక్ స్టాండ్లు కొనుక్కోండి, లేదా అడిగి తెచ్చుకోండి. ఇటుకలు మాత్రం వద్దు, బరువుకి ఇటుక ముందు చెప్పి పగలదు.

షాకబ్జర్‌ని నకిల్‌కి పట్టే రెండు బోల్టులు విప్పేముందు అవి ఉన్న చోటు గుర్తు పెట్టుకోండి. నేను గోళ్ళ రంగుతో గీశాను. ఆ బోల్టుల చిల్లుల్లో కొద్దిగా ఆట ఉంటుంది, పాత చోటికి రాకపోతే చక్రం వాలు మారుతుంది. గుర్తు పెట్టినా సరే తర్వాత ఒకసారి అలైన్‌మెంట్ చూపించండి.

కృష్ణలంక_కిట్టు
6 నవంబర్, రాత్రి 11:02

అక్కా, మా బండికి ఏబీఎస్ ఉంది. దానికి ఏమైనా తేడానా?

రమ్య_తెనాలి
7 నవంబర్, ఉదయం 6:50

ఉంది కిట్టూ. ఏబీఎస్ ఉన్న చాలా బండ్లలో బేరింగ్ ఒక పక్క సీలులోనే అయస్కాంతం పట్టీ ఉంటుంది, సెన్సర్ దాన్నే చదువుతుంది. ఆ పక్క సెన్సర్ వైపుకి రావాలి. తిరగేసి దించితే బండి బాగానే నడుస్తుంది కానీ ఏబీఎస్ లైటు వెలుగుతుంది, మళ్ళీ మొత్తం విప్పాలి, దించిన బేరింగ్ బయటికి తీస్తే పాడే. చూడ్డానికి రెండు పక్కలూ ఒకేలా ఉంటాయి. చిన్న పేపర్ క్లిప్ దగ్గర పెట్టు, ఏ పక్క సీలు లాగితే అదే. క్లిప్ చాలు, అయస్కాంతాలు పెట్టి పరీక్ష చేయకు, సుత్తి తగలనివ్వకు.

పటమట_మాస్టారు
8 నవంబర్, సాయంత్రం 6:15

టార్క్, అంటే నట్టు బిగించే బలం, గురించి ఎవరూ మాట్లాడలేదు. ఈ పనిలో నాకు అన్నిటికంటే భయం వేసేది అదే. యాక్సిల్ నట్టుకి ఎంత బిగువు అన్నది మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో చూడండి. ఇక్కడ నేనో అంకె వేస్తే రేపు ఇంకో బండి వాడు దాన్నే పట్టుకెళ్తాడు. మచ్చుకి 200 న్యూటన్ మీటర్లు అనుకుందాం. మీటరు పొడవు పైపు చివర సుమారు 20 కిలోల బరువు వేలాడదీస్తే అంత వస్తుంది. మన షెడ్లలో 75 కిలోల మనిషి అదే పైపు మీద నిలబడి ఊగుతాడు, అంటే 700 దాటిపోయినట్టు. అంత బిగిస్తే గోళీల మధ్య ఊపిరాడదు, వేడెక్కి గ్రీజు మాడుతుంది. వదులుగా వదిలేస్తే రెండు ముక్కల రింగు కదిలి అది ఇంకో రకంగా పోతుంది. చేతి అంచనా ఇక్కడ పనికిరాదు.

శీనూ, నా దగ్గర టార్క్ రెంచ్ ఉంది, వచ్చి తీసుకెళ్ళు. వాడాక స్ప్రింగు వదులు చేసి స్కేలు మీద అన్నిటికంటే తక్కువ అంకెకి తెచ్చి ఇవ్వాలి, అది నా షరతు. పాత నట్టు మళ్ళీ వాడకు, నొక్కు ఒకసారే.

బేరింగ్ కూడా తెలిసిన షాపులో బిల్లు మీదే కొను. మార్కెట్లో నకిలీ పెట్టెలు అసలు వాటికంటే అందంగా ఉంటున్నాయి. ఎస్‌కేఎఫ్ వాళ్ళు అయితే అసలుదో కాదో చూసుకోడానికి ఫోన్‌లో ఒక యాప్ కూడా పెట్టారు.

సింగ్‌నగర్_శీను
16 నవంబర్, రాత్రి 10:48

అయిపోయింది. నడుం పట్టేసింది, అయినా రాసి పడుకుంటా.

పొద్దున్న ఆరింటికి మొదలెట్టా, బావమరిది తోడు. సెల్లార్ గచ్చు మీద ప్లైవుడ్ ముక్క వేసి జాకీ, వెనక చక్రాలకి రాళ్ళు, ముందు రెండు పక్కలా జాక్ స్టాండ్లు. అంతకంటే ముందు, చక్రం నేల మీద ఉండగానే, యాక్సిల్ నట్టు నొక్కు లేపడానికే పావుగంట. తర్వాత సాకెట్‌కి మూడడుగుల పైపు తగిలించి బావమరిది వేలాడితే కదల్లేదు, ఇద్దరం కలిసి తోస్తే ఠంగుమని ఒక చప్పుడు. ఏదో విరిగిందని ఇద్దరం మొహాలు చూసుకున్నాం. విరగలేదు, వదిలింది. ఆ షెడ్డాయన ఎంత బిగించాడో ఆ చప్పుడే చెప్పింది.

బ్రేకు క్యాలిపర్ విప్పి, బ్రేకు గొట్టం మీద బరువు పడకుండా స్ప్రింగుకి బైండింగ్ వైరుతో కట్టా. డిస్కు చేత్తో లాగితేనే వచ్చింది, మూడు వారాల క్రితం విప్పిందేగా. టై రాడ్ ఎండ్ ఊడింది. బాల్ జాయింట్ మాత్రం చుక్కలు చూపించింది. నకిల్ బండి మీద ఉంచే కొట్టాడు కాబట్టి దీన్ని ఎవరూ ముట్టుకోలేదు, వరద తుప్పు మొత్తం అక్కడే ఉంది. తుప్పు వదిలే స్ప్రే కొట్టి టిఫిన్‌కి వెళ్ళొచ్చాం, ఇడ్లీ తిని వచ్చేసరికి కొంచెం మెత్తబడింది. లోయర్ ఆర్మ్ మీద పైపు పెట్టి కిందికి నొక్కితే దిగింది. డ్రైవ్ షాఫ్ట్ హబ్‌లో పట్టేసి ఉంటే, నట్టుని షాఫ్ట్ చివరకి సమంగా తిప్పి ఉంచి దాని మీద చెక్క వేసి మెల్లగా తడితే వెనక్కి జరిగింది. షాఫ్ట్‌ని కూడా వైరుతో కట్టా, వేలాడితే లోపలి జాయింట్ ఊడుతుందని రమ్య గారు మెసేజ్ పెట్టారు.

ఈ మధ్యలో అసోసియేషన్ ప్రెసిడెంట్ అంకుల్ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని పది నిమిషాలు నిలబడ్డారు. నూనె మరకల గురించి క్లాసు పీకుతారనుకున్నా. "దీనికి మొత్తం ఎంతయింది బాబూ?" అని అడిగి వెళ్ళిపోయారు. ఆయన బండి కూడా పోయినేడాది మునిగిందే.

నకిల్‌ని బియ్యం సంచిలో చుట్టి స్కూటీ ముందు పెట్టుకుని పదకొండింటికి ఆటోనగర్. ఆదివారం సగం రోజే అయినా బాబాయ్ నా కోసం షట్టరు సగం ఎత్తి ఉంచారు. ఒక పరువు తక్కువ పని కూడా చెప్పేస్తా. ఎక్కడో వీడియోలో చూసి కొత్త బేరింగ్‌ని రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టా, చల్లబడితే చిన్నదై సులువుగా దిగుతుందని. మా ఆవిడ దాన్ని రొయ్యల డబ్బా అనుకుని పొద్దున్నే బయట పెట్టేసింది. సంచిలోంచి తీస్తే పెట్టె మొత్తం చెమట. బాబాయ్ చూసి, "ప్రెస్సు ఉండగా ఫ్రిజ్ ఎందుకురా, ఆ చెమటకి కొత్తదానికే తుప్పు పట్టిస్తావు" అని గుడ్డ తీసుకుని తుడిచారు.

ప్రెస్సు కింద హబ్ ముందు బయటికొచ్చింది, దానితో పాటే లోపలి రింగులో సగం ముక్క హబ్‌కి అతుక్కుని వచ్చింది. బాబాయ్ నాకు కళ్ళద్దాలు ఇచ్చి, గ్రైండర్‌తో ఆ రింగు మీద ఏటవాలుగా ఒక గాడి కోశారు. హబ్‌కి తగలకుండా వెంట్రుకవాసి ముందు ఆపి, ఉలి పెట్టి ఒక్కటే దెబ్బ. టప్‌మని పగిలి వదిలేసింది. బేరింగ్ ఉక్కు పెళుసుగా పగులుతుందట, ముక్క కంట్లో పడితే చూపు పోతుంది, కళ్ళద్దాలు లేకుండా ఎవరూ చేయకండి. బేరింగ్ జారకుండా పట్టే సర్క్లిప్ తీశాక మిగతాది కిందికి దిగింది.

ఇప్పుడు అసలు విషయం. పది రోజులకే కూసిన ఆ బేరింగ్ బయటి రింగుని కోసి గుడ్డతో గ్రీజు తుడిచి వెలుగులో పట్టి చూపించారు. అద్దంలా మెరిసే గాడిలో, లోపలి వరస పొడవునా, ఆవగింజంత నొక్కులు. ఒకదానికొకటి సరిగ్గా సమాన దూరంలో. పక్కన గోళీల పంజరం పెట్టి చూస్తే ఒక్కో నొక్కు ఒక్కో గోళీకి అతికినట్టు సరిపోయింది. వేలితో రాస్తే తెలియదు, గోరుతో రాస్తే టిక్ టిక్ టిక్. బాబాయ్ ఏమీ అనలేదు, గోరు పెట్టి చూడమన్నారంతే. నేను టీ తాగుతూ చూసిన సమ్మెట దెబ్బల గుర్తులు అక్కడ వరసగా ఉన్నాయి.

కొత్తది దించడం అయిదు నిమిషాలు. నకిల్ చిల్లుని సన్నటి ఎమరీ పేపరుతో తుడిచి, గీతలు లేవని చూసి, బయటి రింగుకి సరిపోయే పాత రింగు ఒకటి పైన పెట్టి నొక్కారు. అడుగుకి ఆనగానే గేజి ముల్లు ఒక్కసారి లేచింది, అక్కడ ఆపేశారు. సర్క్లిప్ గాడిలో కూర్చుంది. తర్వాత నకిల్‌ని తిరగేసి, లోపలి రింగు కింద గొట్టం ముక్క ఆనిక పెట్టి హబ్ దించారు. చేత్తో తిప్పితే చప్పుడు లేదు, కొంచెం బరువుగా, మెత్తగా తిరిగింది. 400 తీసుకున్నారు. బేరింగ్, కొత్త నట్టు కలిపి 1,650 అయ్యాయి. సాకెట్ 480.

మళ్ళీ బిగించడం సులువే. గోళ్ళ రంగు గీతలు కలిపి షాకబ్జర్ బోల్టులు, చక్రం నేలకి దించి బావమరిది బ్రేకు తొక్కి పట్టుకుంటే మాస్టారి రెంచ్‌తో మాన్యువల్ అంకెకి నట్టు, ఉలితో నొక్కు. అంతా అయ్యాక బండి రివర్స్ తీశానో లేదో, కీచుమని ఒక అరుపు. నా గుండె జారిపోయింది. మళ్ళీ పోయిందిరా దేవుడా అని బండి ఆపి చక్రం విప్పితే, డిస్కు వెనక ఉండే దుమ్ము రేకు సంచిలో వంగి డిస్కుకి రాసుకుంటోంది. బొటనవేలితో వెనక్కి నొక్కా. అంతే.

సాయంత్రం కంకిపాడు దాకా వెళ్ళి వచ్చా. 80లో మా ఆవిడ వాళ్ళ అక్కతో ఇరవై నిమిషాలు ఫోన్ మాట్లాడింది.

లేత్_బాబాయ్_ఆటోనగర్
17 నవంబర్, ఉదయం 7:05

బాగా రాశావు. కుడి వైపుది కూడా అదే నీళ్ళలో ఐదు రోజులు ఉంది, మర్చిపోకు. ఇప్పుడు కూత లేదు కదా అని వదిలేస్తే సంక్రాంతికి ఊరు పోయేటప్పుడు పలుకుతుంది. వెనక చక్రాలవి కూడా ఒకసారి చెయ్యి వేసి చూడు.

గొల్లపూడి_గోపి
17 నవంబర్, ఉదయం 10:30

మా మేస్త్రిని అడిగా బాబాయ్. లారీ షెడ్డులోనే నేర్చుకున్నాడంట. ఆ నొక్కుల ఫొటో ఉంటే పెట్టు శీనూ, ఆయనకి చూపిస్తా. నా మాట వినడు.

పటమట_మాస్టారు
17 నవంబర్, సాయంత్రం 5:40

రెంచ్ అందింది. తక్కువ అంకె దగ్గరే ఉంది, సంతోషం. అలైన్‌మెంట్ చూపించావా?

సింగ్‌నగర్_శీను
7 డిసెంబర్, రాత్రి 9:15

మాస్టారూ, మర్నాడే చూపించా, ఎడమ వాలు కొద్దిగా తేడా ఉంటే సరిచేశారు. ఇప్పటికి 900 కిలోమీటర్లు అయింది, ఎడమ వైపు గప్‌చుప్. కుడి వైపు స్ప్రింగు మీద చెయ్యి వేస్తే మాత్రం చాలా సన్నగా ఇసుక తెలుస్తోంది, కూత ఇంకా లేదు. బాబాయ్ మాటే నిజమయ్యేలా ఉంది. 21న విప్పుతున్నా, ప్రెసిడెంట్ అంకుల్ కూడా చూస్తానన్నారు. ఆయన బండి దాని తర్వాతి ఆదివారం.

బ్రాడీపేట_4వలైను
7 డిసెంబర్, రాత్రి 9:58

అన్నా... ఒక చిన్న సాయం. నిన్నటి నుంచి నా బండి కూడా గుయ్‌మంటోంది. పాము పరీక్ష చేశా, ఎడమకి తిప్పితే పెరుగుతోంది, అంటే కుడిది కదా? ఆదివారం నీ సాకెట్ ఇస్తావా? సబ్బు నేనే తెచ్చుకుంటా.

సింగ్‌నగర్_శీను
7 డిసెంబర్, రాత్రి 10:04

కుడిదే. వచ్చి పట్టుకెళ్ళు, కానీ నీ నట్టు కొలిచి రా, నాది 30. జాక్ స్టాండ్లు కూడా తీసుకెళ్ళు, అవి పట్టుకెళ్ళకపోతే సాకెట్ ఇవ్వను. 21 లోపు రెండూ వెనక్కి రావాలి.